ఎనక్కి ఎక్కిన జీపు

చెంగల్రాయుడని మా ఈదిలో టైలరొకడు. జాకెట్లు కుడతాడు. చేతులు మిషను మీదుంటాయి గాని వాని మనసంతా ఇంటెనకుండే జీపు మీదనే. ఆ జీపు ఒక రైతు కొట్టంలో పదేండ్లు పడుండె, దాంట్లో కోళ్ళు గుడ్లు పెడతాండె. ఇంజను మీదనే పొదిగి పిల్లల్ని గూడా లేపినాయంట. ఆ రైతు "తీసకపోరా సామీ, నాకు కొట్టమన్నా కలిసొస్తాది" అంటే, వీడు ఎద్దుల్ని కట్టి ఈడ్చుకొచ్చినాడు. ఇంగ చూడు, తుప్పు గీకను ఒక ఏడు పట్టింది. బోల్టొకటి ఊడిరాకుంటే కిరసనాయిలు పోసి మూడు దినాలు దాని పక్కనే కూచోని "రామ్మా, రా తల్లీ" అని బతిమాలినాడంట. అంత బతిమాలడం ఏ ఆడపిల్లనైనా బతిమాలుంటే ఈపాటికి వానికి ముగ్గురు బిడ్డలు. ఇంజను సందుల్లో పెట్టే గ్యాస్కెట్టు అట్టని జాకెట్ల కత్తెరతోనే కోసినాడు. సీట్లకి ఎవురిదో పెండ్లిలో మిగిలిన ఎర్ర మకమలు గుడ్డ. ఆడోళ్ళొచ్చి "ఏం రాయుడూ, నా జాకెట్టు చంక కింద ఈ నల్ల మరకేంది" అంటే "గ్రీసక్కా, చంక పట్టకుండా ఉంటాది" అంటాడు. అట్లాంటోడు అనుకో.

ఆరేండ్లకి బండి లేసింది. లేసింది గాని ఫస్టు గేరు పండ్లు అరిగిపోయుండాయి, ఎత్తు ఎక్కల్లంటే జారిపోతాది. ఆ గేరు కోసం వాడు తిరగని పాతసామాన్ల అంగడి లేదు, యాడా దొరకలా. ఏమైందంటే, ఒగ దినం ఎత్తులో ఇరుక్కోని, ఏమీ తోచక బండిని అటు తిప్పి రివర్సు ఏసినాడు. బండి గురగురమని ఎక్కేసింది, ఎనక్కి. ఎవురూ ఎక్కువ వాడని గేరు గదా, దాని పండ్లు కొత్తకోడలి పండ్ల మాదిరి గట్టిగుండాయి. అప్పట్నించి చదునులో ముందుకి, ఎత్తులో ఎనక్కి. వాళ్ళమ్మ కన్నెమ్మకి మాత్రం ఆ బండంటే ఒళ్ళుమంట. ఎందుకంటావా, పిల్లనిచ్చేవాళ్ళు మూడు తూర్లు వచ్చిరి. వచ్చి "అల్లుడు యాడమ్మా" అంటే, జీపు కిందనించి బయటికొచ్చిన రెండు కాళ్ళు చూపిస్తాది. వాళ్ళు ఆ కాళ్ళని చూసి అట్లే ఎళ్ళిపోతారు. కడాకి కన్నెమ్మ ఏమనిందంటే, ఈ నాలుగో సంబంధం గూడా తప్పిపోయిందో, నీ ఇనుమంతా తూకానికి ఏసేస్తా, పిల్ల ఇంటికి వస్తానని ఒట్టు పెట్టు అనింది. వాడు బానెట్టు మీద ఒట్టు పెట్టబోతే, ఆ చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకొనింది.

ఆ నాలుగో సంబంధం ఎవురంటే, కొండమీదుండే ఎగువ బండపల్లె పాపన్న కూతురు, దేసమ్మ. ఆ పిల్లని నేను ఒకే తూరి చూసినా, సంతలో టమేటా గంప దించతాంటే. ఆ దినం ఏం కొన్నానో నాకే తెలీదు, ఇంటికొచ్చి చూస్తే సంచిలో మూడు చీపురుకట్టలుండె. అట్లాంటి పిల్లకి ఇరవై నాలుగేండ్లొచ్చినా పెండ్లి కాలా. కారణం దోవ. కార్లలో వచ్చినోళ్ళు కొండకింద నిలిపి, ఆ రాళ్ళదోవ తట్టు తలెత్తి చూసి, పండగ పండగకీ దీన్ని ఎక్కల్నా అని, పిల్లని చూడకుండానే తిప్పుకోని పోతారు. పైన ఈ పిల్ల తలనిండా పూలు పెట్టుకోని కారు ఎనకభాగం చూస్తా నిలబడాల. ఇట్ల నాలుగు తూర్లు.

ఇంగ మనోడు పోయిన దినం చూడు. కొండకింద జీపు తిప్పి రివర్సు ఏసినాడు. కన్నెమ్మ ఎనకసీట్లో గదా, ఆమే ముందు పోతాంది, నడిపే కొడుకు ఆమె ఎనకాల వస్తాండాడు. "ఎడమకి తిప్పురా" అంటాది. వాడు తిప్పితే "నీ ఎడమ కాదురా, నా ఎడమ" అంటాది. పైన బండమీద దేసమ్మవాళ్ళవ్వ కూచోని చూస్తాంది. చూస్తే ఏముంది, జీపు ఎనకభాగం. "పోతాండారే, వీళ్ళూ పోతాండారే" అని అవ్వ ఏడుపెత్తుకొనింది. పాపన్న ఆకువక్క తట్ట పట్టుకోని అట్లే కూలబడినాడు. దేసమ్మకి మండింది. నాలుగు తూర్లు ఊరుకున్నా, ఈతూరి కడిగే పంపిస్తా అని కొంగు దోపి, ఉత్తకాళ్ళతో కొండ దిగుతా "ఓయ్, మొగం చూపిచ్చి పోండి, రాయంటే భయపడే మొగాలు ఎట్లుంటాయో చూస్తా" అని తిట్టుకుంటా వస్తాంది. పారిపోయే బండి దూరం కావాల గదా. ఇది ఎంత తిడితే అంత దగ్గరికొస్తాంది.

మనోడు అద్దంలో ఎనక దోవ చూస్తా ఉండె. ఆ అద్దంలోకి దేసమ్మ వచ్చింది. ఎండకి ఎర్రబారిన మొగం, జారిన పూలు, నోట్లో తిట్లు. అంతే, వాని కాలు యాడుందో వానికే తెలీలా, ఇంజను ఆగిపోయింది. బండి పల్లానికి జారడం మొదలుపెట్టె. బ్రేకులుండాయి గాని అయ్యి పేరుకి ఉండేటివి. దేసమ్మ తిట్టు సగంలో ఆపి, ఇంత రాయి ఎత్తి చక్రానికి అడ్డం తోసింది. బండి నిలిచింది. ఆ రాయి నేనైనా బాగుండు అనిపిస్తాది, ఎవురికీ చెప్పొద్దు.

"ఎందుకు ఎనక్కొస్తాండావు?" అనింది. వాడు తిరగలా, అద్దంలోనే చూస్తా "ముందు గేరు లేదు" అన్నాడు. లేకుంటే ఇంట్లో ఉండల్ల గదా అంటే, ఉండింటే మాయమ్మ బండిని తూకానికి ఏస్తాది అన్నాడు. "అంటే నాకోసరం రాలే, బండి కోసరం వచ్చినావు." దానికి వాడు "పొద్దున బండి కోసరమే బయలుదేరితి. ఇప్పుడు బండి పోయినా పర్లేదనిపిస్తాంది" అన్నాడంట. కన్నెమ్మ నోరు తెరిచింది. ఇన్నేండ్లలో ఈ మాట వీని నోట నేను ఇనలేదమ్మా, నువ్వు మనిషివేనా అనింది. దేసమ్మ నవ్వి "బండి ఉండనీ అత్తా. అది లేకుంటే మా నాయన్ని చూసేదానికి నన్నెవురు ఈ కొండెక్కిస్తారు" అని, ఇంజను లేసినాక రాయి తీసి, మళ్ళా పనికొస్తాదని చంకనేసుకోని ఎనకసీట్లో ఎక్కింది. ఎక్కి "గుట్ట పక్కకి, ఇంగ రోంత, ఇప్పుడు పల్లం పక్కకి" అని చెప్తాంటే బండి నీళ్ళు పారినట్ల పోయింది.

ఇంటికాడ పాపన్న చూస్తాండాడు. పెండ్లికొడుకు జీపులోనించి మొదట దిగింది తన కూతురే, చంకలో రాయితో. "ఇంగ నేను చూపిచ్చేది ఏమన్నా మిగిల్చినావామ్మా" అన్నాడు. "కాపీ పెట్టు పో నాయనా, నేను చక్రానికి రాయేసి వస్తా" అనింది. అవ్వ మాత్రం, ఎనక్కొచ్చిన సంబంధం మంచిదేనా అని నసిగింది. దానికి కన్నెమ్మ, మా ఊరి తేరు మలుపు తిరగలేక ఏటేటా ఎనక్కే లాగుతారు పెద్దమ్మా, సామి ఎప్పుడన్నా దిగి నడిచిపోయినాడా అనింది. అవ్వ ఆకువక్క నోట్లో ఏసుకొనింది, అదే ఒప్పుకోలు.

వైశాకంలో పెండ్లి అయిపోయె, నేనూ బూంది తినొస్తి. ఇంగేం చెప్పేది, పెండ్లంటే ఎనక్కి పోయినోళ్ళని శానామందిని చూసినా గాని, ఎనక్కి పోయి పెండ్లి చేసుకున్నోడు వీడొక్కడే.