అటక మీది కెమెరా

అటవీశాఖ ఆఫీసులో రేంజరు తన ఫోన్‌ను వేటగాడి ముందు పెట్టాడు.

“అడవిలో చెట్టుకి కట్టిన మా కెమెరాని పీక్కెళ్లి మీ ఒంటిగది ఇంట్లో అటక మీద పెట్టావా?”

“నేను ఆ పొలుసుల జంతువుని, అలుగుని పట్టడం అది చూసేసింది కద సార్. సాక్ష్యం ఉండకూడదని తెచ్చేశాను.”

“దాంట్లో సిమ్ ఉందిరా అయ్యా! ఎదురుగా ఏది కదిలినా ఫోటో తీసి నాకు పంపిస్తుంది. నాలుగు రోజులుగా నీ చిరుగుల బనియన్ చూడలేక చస్తున్నా.”

“మొహం గోడకి తిప్పి పెట్టాను కద సార్!”

“అలుగేది?”

“మంచం కింద గోనెసంచిలో ఉంది. ప్రాణంతోనే ఉంది సార్, ఒట్టు.”

“ఇది ఇవాళ పొద్దుటి ఫోటో. సంచి విప్పి, పెరటి తలుపు తీసి, దాన్ని అడవిలోకి తోలేస్తున్నదెవరు?”

“మా ఆవిడ! ఫోటోలు పడుతున్నాయని తెలీదు కాబోలు, పిచ్చిది.”

“తెలీకుండానే కెమెరాకేసి దండం పెట్టిందా? దాన్ని నీ మంచం వైపు తిప్పింది కూడా ఆవిడేరా!”

“అదీ సంగతి! నాలుగు రోజుల్నించీ పౌడరు రాసుకుని మరీ వంట చేస్తోంది సార్!”