జోలపాట వెనకాలే డప్పులు

మధ్యాహ్నం రేడియో స్టేషన్లో ఫోను మోగింది. జుట్టు నెరిసేదాకా అదే కుర్చీలో కూర్చున్న అనౌన్సరు ఆవలింత పూర్తిచేసుకుని మరీ ఎత్తాడు. అవతల ఒక ఆడమనిషి గొంతు, దాని వెనక గుక్కపెట్టిన పసివాడి ఏడుపు.

"ఏమండీ, జోలపాట వెనకాలే ఆ డప్పులేంటండీ? నా చేతులు పడిపోయేలా ఊపితే అప్పుడే కన్నంటుకుంది వాడికి. ఉలిక్కిపడి లేచాడు."

"పాటలు కంప్యూటరు వేస్తుందమ్మా. దానికి జోలైనా డప్పైనా ఒకటే."

"మధ్యలో మీరొక్క మాట మాట్లాడితే ఈలోపు సౌండు తగ్గించుకునేదాన్ని కదా."

"మాటలు తీసేశారమ్మా. మేం నోరు తెరిస్తే జనం స్టేషను మార్చేస్తున్నారట."

"పొద్దున మీ గొంతు విన్నానే, శుభోదయం అంటూ."

"అది నిరుడు చెప్పిన శుభోదయం. రోజూ అదే వేస్తున్నారు."

"మరి మీరక్కడ ఏం చేస్తారండీ?"

"ఇదుగో, ఇలా చీవాట్లు తింటాను. పెళ్లిపాట మీద ఏడుపుపాట పడ్డా, భక్తిపాట మీద తాగుబోతు పాట పడ్డా ఫోనెత్తాల్సింది నేనే."

అవతల చప్పుడు లేదు. ఏడుపూ లేదు.

"పెట్టేశారా అమ్మా?"

"లేదండీ, స్పీకర్లో పెట్టి వాడి పక్కన ఉంచాను. మీ గొంతు విని ఊరుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, పుణ్యముంటుంది."

ఆయన చాలా రోజుల తర్వాత గొంతు సవరించుకున్నాడు. అలవాటు కొద్దీ తెర మీద రాబోయే పాట చూశాడు. మళ్లీ డప్పులే.

"అలాగే గానీ, ముందు ఆ రేడియో కట్టెయ్యండమ్మా."