విమానం ఏ దేశం వాడు?

టీ కొట్టు ముందు బల్ల ఖాళీగా ఉన్నా విమానం కూర్చోడు. నిలబడితేనే కదా చేతులు తిప్పుకుంటూ చెప్పడానికి వీలు! పైదేశంలో వెల్డింగు పని చేస్తూ ఏటా సెలవుకి వచ్చిపోతుంటాడని అతనికా పేరు పడింది. ఈసారి మాత్రం ఆ సెలవు ఎంతకీ అయిపోవడం లేదు. ఎవరైనా అడిగితే, "కంపెనీవాళ్ళు రమ్మని బతిమాలుతున్నారు, నేనే బెట్టు చేస్తున్నా" అంటాడు. ఇంట్లో భార్య ఏమీ అడగదు. ఆ అడక్కపోవడం భరించలేకే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రోజూ ఇక్కడికొచ్చి పడతాడు.

ఆ సాయంత్రం లారీ డ్రైవరు తన మేనల్లుడి సంగతి ఎత్తాడు. బయటి దేశంలో ఉద్యోగమట, అక్కడి జీతానికి ఇక్కడ కూడా పన్ను కట్టాలా అని.

విమానానికి ప్రాణం లేచొచ్చింది. "సరైన మనిషినే అడిగావు తమ్ముడూ. ఏడాదిలో సగానికి మించి ఇక్కడున్నావా, ఇక్కడివాడివే. అక్కడ సంపాదించింది కూడా ఇక్కడ చూపించాలి. అంతకు తక్కువైతే అక్కడి జీతం జోలికి వీళ్ళు రారు. ఇది మామూలు జనానికి. నా సంగతి వేరు."

"నీ సంగతి వేరు కానిదెప్పుడులే అన్నయ్యా" అంది టీ కొట్టు అక్క, టీ వడపోస్తూ.

"విను మరి. ఓసారి సెలవుకొస్తే టాక్స్ ఆఫీసరు పిలిపించాడు. లెక్క చూస్తే సరిగ్గా సగం ఏడాది ఇక్కడ, సగం అక్కడ. ఒక్క రోజు మిగిలింది, నేను విమానంలో ఉన్న రోజు. అది ఏ దేశం ఖాతాలో వెయ్యాలి? ఆఫీసరు పైలట్‌నే పిలిపించాడు. ఆయన నన్ను చూడగానే గుర్తుపట్టి, 'ఈయన గురకకి ఇంజను చప్పుడు నాకే వినపడలేదు సార్, ఏ దేశం మీద ఉన్నామో ఏం చూసుకుంటాను' అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు డ్రైవరు, బల్ల మీద ముందుకు జరిగి.

"ఆ దేశం ఆఫీసరు కూడా దిగాడు! 'వీడు మావాడు' అని ఆయన ఓ చెయ్యి, 'కాదు మావాడు' అని ఈయన ఓ చెయ్యి. ఇద్దరూ లాగితే అప్పుడే నేను ఇంత పొడుగయ్యాను. చివరికి సరిహద్దు గీత మీద మంచం వేసి పడుకోబెట్టారు, నిద్రలో ఎటు దొర్లితే అటువాడినని. నేను దొర్లితేగా! కర్రలా కదలకుండా పడుకున్నా. ఊపిరి ఇటు పీల్చి అటు వదులుతున్నా. లోపలికొచ్చేది ఆదాయమనీ అది మాదేననీ ఈయన, బయటికి పోయే ఖర్చు మాకంటగడతారా అని ఆయన, ఒకటే గోల. తెల్లారేసరికి రెండు దేశాల పెద్ద ఆఫీసర్లు దిగి నా మంచం చుట్టూ సున్నంతో గీత గీసేశారు. ఆ గీత లోపలంతా వేరే దేశమట! దానికి జనాన్ని నేనే, టాక్స్ ఆఫీసర్ని నేనే."

"మరి పన్ను కట్టావా?"

"కడదామనే వెళ్ళా. నన్ను చూస్తే నాకే జాలేసి మాఫీ చేసి పంపించా."

అక్క పడీ పడీ నవ్వింది. బల్ల చివర కూర్చున్న వెల్డింగు షెడ్డు ఓనరు మాత్రం నవ్వలేదు. చిన్నప్పుడు అతనూ విమానమూ ఒకే మేస్త్రి దగ్గర వెల్డింగు నేర్చుకున్నవాళ్ళు.

"ఒరే, సగం ఏడాది దాటితే ఇక్కడివాడే అన్నావుగా. నువ్వొచ్చిన రోజున నా షెడ్డుకి గుంతలు తవ్వుతున్నాం. ఇప్పుడు రేకులు వేసి గేట్లు కూడా అమ్ముతున్నాను. నీకోసం ఏ ఆఫీసరూ కొట్టుకోనక్కర్లేదురా. నువ్వెప్పుడో ఇక్కడివాడివైపోయావు."

విమానం చేతులు గాల్లోంచి దిగి, ఏం చెయ్యాలో తెలియక జేబుల్లో దూరాయి. వచ్చినప్పటినుంచి మొదటిసారి అతను బల్ల మీద కూలబడ్డాడు.

ఓనరు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "కంపెనీ మూసేశారని మీ ఆవిడ మా ఇంట్లో చెప్పి ఏడ్చిందిరా. నువ్వే చెబుతావని చూశాను. మావాళ్ళు అతికిన గేట్లు గాలికే ఊడొస్తున్నాయి. నీ చెయ్యి నాకు తెలుసు. రేపట్నుంచి వచ్చెయ్."

విమానం కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

"వస్తాను గానీ, మరి ఇక్కడి జీతానికి టాక్స్ గొడవ ఎలా? ఆఫీసర్లు మళ్ళీ వెంటపడతారేమో."

"నేనిచ్చే జీతానికా?" అన్నాడు ఓనరు. "వాళ్ళు చూస్తే జాలిపడి, టీ తాగమని ఎదురు చిల్లరిచ్చి పోతారు."