నోటితో పండిన ఇరవై ఎకరాలు

"అమ్మమ్మా, తాతయ్య ఆఫ్రికా వెళ్ళింది ప్రీచ్ చెయ్యడానికా, ఫార్మింగ్ నేర్పడానికా?"

నెమ్మదిగా అడగవే తల్లీ, పైన పడుకున్నాడు. ఇట్లా కూర్చో. ఆ చిక్కుడుకాయలు ఇటివ్వు, ఈనెలు తీస్తా చెప్తాను.

రెండూనూ. అప్పుడు నీకు ఆరేళ్ళు... కాదు, ఏడు, ముందు పళ్ళు ఊడాయి కదా. లేఆఫ్‌ల కాలం. మన ఆష్‌బర్న్ తెలుగు క్రైస్తవ సంఘానికి ఉన్నట్టుండి ఆఫ్రికా మీద భారం కలిగింది. పక్క వరసలో కూర్చున్నవాడి ఉద్యోగం పోతే వాడి మీద కలగలేదు, అది వేరే సంగతి. మలావీ అనే దేశంలో ఒక పల్లె ఉందట, ఆరుగురు వెళ్ళి వాళ్ళకి వ్యవసాయం నేర్పించి, దాంతోపాటే సువార్త చెప్పాలట. ఎవరు వెళ్తారయ్యా అంటే చేతులెత్తింది అందరూ కంప్యూటర్ వాళ్ళే. కొత్తిమీరని కూడా కట్ట కట్టి ఉంటేనే గుర్తుపడతారు. మన సుధీర్ అంకుల్ లేడూ, ఆయన మొక్కజొన్న మీద నలభై స్లైడ్లు చేశాడు. ఒక్కదాంట్లోనూ మట్టి లేదు.

మీ తాతయ్యేమో అందరికీ పెద్ద. ఎందుకంటే ఆయనకి ఇరవై ఎకరాల మాగాణి.

నవ్వకు. ముందు ఆ పొలం సంగతి చెప్పాలి. మేము ఈ అమెరికా వచ్చిన కొత్తలో ఒక పాట్‌లక్ భోజనాల్లో ఎవరో అడిగారు, "బ్రదర్, ఊళ్ళో మీకు పొలాలున్నాయా?" అని. మనవాళ్ళు ఆ ప్రశ్న ఎందుకడుగుతారో నీకు తెలీదులే, వాళ్ళక్కావాల్సింది పొలం కాదు. ఈయన "ఆ, ఐదెకరాలు" అన్నాడు. అబద్ధమని నేననను. పొలం ఉంది. ఆసామి వేరు, అంతే. మీ ముత్తాత ఏసోబు గారు, అదే మా మామగారు, ఆ ఆసామి దగ్గర పాలేరు. ఏడాదంతా చాకిరీ చేస్తే పది బస్తాల వడ్లు, రెండు పంచెలు. ఈయన కూడా పన్నెండేళ్ళకే పార పట్టాడు. ఆ తర్వాత మిషన్ హాస్టలు, చదువు, అదంతా దేవుని కృప. సరే, ఆ ఐదెకరాలు ప్రతి క్రిస్మస్‌కీ కాస్త పెరిగేవి. వాన అక్కర్లేదు, కాలవ అక్కర్లేదు, నోటితోనే పండేవి. మలావీ మాట వచ్చేసరికి ఇరవై అయ్యాయి. నేను పక్కన నిలబడి బిర్యానీ వడ్డిస్తా ఉండేదాన్ని. నాదీ తప్పే, ప్రభువుకి తెలుసు.

అప్పుడు వచ్చింది గ్రేస్ గారు. మలావీలో ఆ మిషన్ పొలం చూసుకునే ఆవిడ. ఇంటిపేరు బండా. బండేంటని మనవాళ్ళు ముసిముసి నవ్వులు. మన ఇంటిపేర్లు విప్పి చెబితే ఆవిడ ఎంత నవ్వేదో! వచ్చేవాళ్ళని ముందు ఇక్కడే చూసి ఏరుకుందామని వచ్చి, మన ఇంట్లోనే దిగింది. ఆమె ఇంగ్లీషు నెమ్మది, నాదీ నెమ్మదే, అందుకని బాగా కలిశాం. సూట్‌కేస్‌లో ఏం తెచ్చిందనుకున్నావ్? పార. ఇనుము మాత్రమే, కర్ర ఇక్కడ బిగించుకుంది.

వాళ్ళ పద్ధతిలో దున్నకూడదంట. వరసగా చిన్న గుంటలు తీసి, గుప్పెడు ఎరువేసి, గింజ పెట్టి, పైన ఎండుగడ్డి పరచాలి. "ఆదాముకే బట్టలు తొడిగిన దేవుడు నేలని బట్ట లేకుండా వదిలెయ్యమంటాడా?" అనేది. నాకు భలే నచ్చిందా మాట. శనివారం మన బ్యాక్‌యార్డ్‌లో అందరిచేతా చేయించింది. ఆ గడ్డి చూసి మన కాలనీ హెచ్‌ఓఏ వాళ్ళు లెటర్ పంపారులే, అదింకో కథ.

చూడాలి ఆ వ్యవసాయం! నల్ల కళ్ళద్దాలు, గ్లౌజులు, సన్‌స్క్రీను. సుధీర్ ప్రతి గుంటా టేపు పెట్టి కొలిచి ఫొటో తీసుకుంటున్నాడు. ఇంకొకాయన పార ఎత్తి తన బూటు మీదే వేసుకున్నాడు. మీ తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని, గట్టు మీద ఆసామిలాగా నిలబడి, "అట్లా కాదు, ఇట్లా కాదు" అని ఆర్డర్లు. ఇరవై ఎకరాల మనిషి పార పడితే బాగుంటుందా మరి? కానీ నేను వెనక నుంచి చూస్తున్నాను కదా. పార నేలకి తగిలినప్పుడల్లా ఆయన వేళ్ళు బిగుసుకుంటున్నాయి.

సాయంత్రం గ్రేస్ గారు ఆరు పేర్లు చదివింది. ఈయన పేరు లేదు. బూటు మీద వేసుకున్నాయన పేరుంది. మర్యాదగానే చెప్పిందిలే: "పెద్దాయనా, పొలాలున్న పెద్దమనుషులు మా ఊళ్ళోనూ ఉన్నారు. నాకు వంగేవాళ్ళు కావాలి."

ఆయన మొహం చూడలేకపోయాను తల్లీ. బైపాస్ అయినప్పుడు ప్రభువుకి మాటిచ్చాడు, బతికిస్తే ఒక్కసారైనా సేవకి వెళ్తానని. ఎకరాల దగ్గర కోతలు కోశాడు గానీ, ఆ మాట మాత్రం నిజం. వంటింట్లోకొచ్చి మెల్లగా అన్నాడు, "నువ్వైనా చెప్పవే ఆమెకి, నాకు పని వచ్చని."

"చెప్తాను. ఎక్కడ నేర్చారని అడిగితే ఏం చెప్పను?"

మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక భోజనాలు మన బ్యాక్‌యార్డ్‌లోనే. ఒక అరవై మంది ఉంటారు. టీమ్ వాళ్ళు ఇంకో వరస తవ్వి చూపిస్తున్నారు, అది పాములా పోతోంది. ఈయన చూశాడు, చూశాడు. కోటు విప్పి నా చేతికిచ్చాడు. టై చొక్కాలోకి దోపాడు. బూట్లు విప్పేసి, "ఇటివ్వు బాబూ" అని పార తీసుకుని వంగాడు. ఇక చూడు, తాడు కట్టినట్టు వరస! అన్ని గుంటలూ ఒకే లోతు. అందరూ ప్లేట్లు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు.

పాస్టర్ గారే అడిగారు, "బ్రదర్, ఇరవై ఎకరాల ఆసామి గదా, ఈ పని ఎక్కడ నేర్చారు?"

నడుం ఎత్తకుండానే చెప్పాడు. "ఆ ఇరవై ఎకరాల్లోనే అయ్యగారూ. అది మాది కాదు. మా నాన్న అక్కడ పాలేరు. నేనూ చేశాను."

కోటు పట్టుకుని నేను ప్రార్థన చేసుకుంటున్నాను, ఎవరూ నవ్వకూడదు ప్రభువా అని. ముందుగా సుధీరే అన్నాడు, "అంకుల్, మా తాత కూడా అంతే" అని. తర్వాత ఒకాయన దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, మా పదిహేనూ అట్లాంటివే" అన్నాడు. ఆ తర్వాత ఇంకొకాయన. ఆ ఒక్క మధ్యాహ్నం మన బ్యాక్‌యార్డ్‌లో ఎన్ని ఎకరాలు మాయమయ్యాయో, ఏ గవర్నమెంటూ అంత భూసంస్కరణ చేసి ఉండదు. ఇద్దరు ముగ్గురు మాత్రం మన ఇంటికి భోజనానికి రావడం మానేశారు. మంచిదే, గిన్నెలు తగ్గాయి.

గ్రేస్ గారు ఏడో పేరు రాసుకుంది.

మూడు వారాలు ఉండొచ్చాడు. సుధీర్ స్లైడ్లు చూపించడానికి ఆ పల్లెలో కరెంటు లేదంట, దేవుడు మంచివాడు. ఒక మడి నాటడం అయ్యాక మీ తాతయ్యని ప్రార్థన చెయ్యమన్నారట. అందులో వాళ్ళ నాన్న పేరెత్తి, గట్టిగా, స్తోత్రం చెప్పాడట. నలుగురి ముందు ఆయన నోట ఆ పేరు రావడం అదే మొదలు. అక్కడి వాళ్ళు ఏసోబంటే బైబిల్లో ఎవరో ప్రవక్త అనుకున్నారు. పాపం, ఏ గ్రంథంలో ఉన్నాడా అని వెతికారు కూడా. దొరక్కపోయినా వదల్లేదు, ఆ మడికి అదే పేరు పెట్టుకున్నారు. కోతలైనప్పుడల్లా గ్రేస్ గారు ఫోన్ చేస్తుంది, "ఏసోబులో ఈసారి మొక్కజొన్న బాగుంది" అని.

ఆ ముత్తాత దీవెన నీమీద ఉండాలి తల్లీ. పోయేనాటికి పేరు మీద సెంటు భూమి లేదు మా మామగారికి. సమాధి కూడా చర్చి వాళ్ళ జాగాలోనే. ఇప్పుడు చూడు, ఏకంగా ఫారిన్‌లో పొలం...