నీలం గుడ్డ కట్టిన జాడీ

నాలికలా అవి? చెప్పుల అడుగులు వదినా, చెప్పుల అడుగులు! మన షాపు ముందు బెంచీ మీద కూర్చుంటారే, దేవుడు వాళ్ళ నోట్లో నాలిక పెట్టడం మర్చిపోయి పాత చెప్పు అడుగు కుట్టి పంపించాడు.

లేవకు, లేవకు. నాకు టీ వద్దు. నువ్వా బఠానీలు ఒలుచుకుంటూ ఉండు, నేను వాగుతూ ఉంటా. ఊఁ కొట్టకపోయినా ఏమీ అనుకోను. అన్నయ్య మాత్రం ఎప్పుడు ఊఁ కొట్టాడు గనక! ఇన్నేళ్ళూ గోడతో మాట్లాడినట్టే మాట్లాడాను. ఆ గోడ కాస్తా...

సరేలే. చెప్పొచ్చింది అది కాదు.

ఆ సింకులో గిన్నేంటి అంత నల్లగా ఉంది? పాలా? అడుగంతా బొగ్గయిపోయింది. పోనీ, నానబెట్టావుగా, రేపటికి అదే ఊడొస్తుంది.

ఈ రెండు జాడీలూ చంకలో పెట్టుకుని మెట్లెందుకు ఎక్కాడా అనేగా నీ చూపు? చెప్తా. పట్టపగలు షాపుకి తాళం వేసి మరీ వచ్చా చెప్పడానికి.

ఇదిగో, దీనికి నీలం గుడ్డ. దీనికి తెల్లగుడ్డ. నీలం గుడ్డ గుర్తుందా? ఎందుకుండదు, అన్నయ్య చొక్కాయే కదా. మోచేతులు చిరిగిపోయాక నువ్వే చించి ఇచ్చావు. కలపడం అయిపోయిన పొగాకు ఏ జాడీలో ఉంటే దానికి ఆ నీలం గుడ్డ కట్టేవాడు. మిగతా జాడీలన్నింటికీ తెల్లగుడ్డలే. వాటిలో ఇంకా కలపని విడి ఆకు. ఒక చీటీ అంటించరా నాయనా అంటే వినేవాడా? నాకు గుడ్డ చాల్లే అనేవాడు.

ఇక్కడే కొంప మునిగింది.

అన్నయ్య పోయినప్పుడు ఇల్లంతా చుట్టాలు కదా. షాపు వెనకగదిలో కూడా పక్కలు పరిచాం. మన మేనత్తకి చేతులు ఊరుకోవు, నీకు తెలియందేముంది? లోకమంతా ఏడుస్తుంటే ఆవిడ ఉతుకుతుంది. కర్టెన్లు ఉతికింది, దిండు గలీబులు ఉతికింది, అవి అయిపోయాక చూసుకుంటే జాడీల మీద గుడ్డలు కనిపించాయి. అన్నీ ఊడదీసింది. సబ్బేసి ఉతికింది. ఆరేసింది. మళ్ళీ ఎంతో ముద్దుగా పువ్వుముళ్ళు వేసి కట్టేసింది.

ఏ గుడ్డ ఏ జాడీదో ఎవర్ని అడుగుతుంది పాపం? గుడ్డే కదా!

అన్నయ్య వేసేది పీటముడి. నేనేమో పువ్వుముడి చూశాను, చూసి కూడా విప్పాను. ఒక్క అనుమానం రావద్దూ? నా బుర్ర ఆ రోజుల్లో ఏ అటక మీద ఉందో మరి.

షాపు తీసిన రోజు ఏం చేశానంటే, నీలం గుడ్డ జాడీ తెచ్చి బెంచీ మధ్యలో పెట్టా. "మా అన్నయ్య ఆఖరుసారి కలిపింది ఇదేనండీ. ఇది అయిపోతే మళ్ళీ లేదు. తలా ఒకటి చుట్టుకోండి" అన్నా.

ఎవరున్నారంటావా? మన న్యాయస్థానమే. రైలు గార్డుగారు. ఉద్యోగం వదిలి ఎంతకాలమైనా ఈల మాత్రం జేబులోనే ఉంటుంది కదా, ఆయన. వాచీలు బాగుచేసే మెకానిక్కు. డ్యూటీ దిగి వచ్చిన ఆస్పత్రి సిస్టరు. ఈ ముగ్గురూ బాగుందంటే వీధంతా బాగుందంటుంది. వీళ్ళు మూతి తిప్పితే ఆ సరుకుని నేను ఇంటికి తెచ్చి మొక్కలకి వేసుకోవాల్సిందే.

గార్డుగారు చుట్టడం చూశావా ఎప్పుడైనా? కాగితం పగిలిపోయేలా కూరతారు. మెకానిక్కు పట్టకారుతో ఒక్కో పీచూ సర్దుతాడు. సిస్టరుదైతే సూదే. అంత సన్నగా చుట్టి, అంచు నాలికతో తడిపి, గోటితో ఇలా నొక్కుతుంది.

గార్డుగారు ఒక దమ్ము లాగి కళ్ళు మూసుకున్నారు. పొగ వదలరే! లోపలే ఉంచేశారు. ఈయన కూడా పోయారేమో అని నాకు చెమటలు పట్టాయి. చివరికి వదిలి, "తెల్లారే వేళ ఆఖరి పెట్టెలో నిలబడి ఉన్నట్టుందయ్యా. మంచుకి తడిసిన గడ్డి. పట్టాల మీంచి వచ్చే చల్లగాలి" అన్నారు.

మెకానిక్కు ఒక కన్ను మూసి రెండో కంటితో పొగని చూస్తాడు, దానిలో ఏదో స్క్రూ వదులైనట్టు. "ముందు తీపి, మధ్యలో ఘాటు, చివర్న కొద్దిగా చేదు. ఒకదాని పళ్ళు ఒకదాన్లో పట్టుకుని మూడు చక్రాలూ ఎంత చక్కగా తిరుగుతున్నాయి బాబాయ్!" అన్నాడు.

సిస్టరేమో సగం కాల్చి, చున్నీతో కళ్ళొత్తుకుని, "తల నిమిరినట్టుంది బాబాయ్. ఇది మీ అన్నయ్యగారి చెయ్యి. ఇంకెవరికీ రాదు" అంది.

అంతే. ముగ్గురూ ఏడుపు. గార్డుగారైతే భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు, ఇదేం పొగాకురా బాబూ అని.

నేను? నేను అందరికీ మంచినీళ్ళిచ్చాను.

తర్వాత రెండు రోజులకి జాడీ కిందకి చెయ్యి పెడితే వేళ్ళకి గుచ్చుకున్నాయి. ఈనెలు. ఆకు మధ్యలో కాడలుంటాయే, అవి. పుల్లల్లా ఉన్నాయి. అన్నయ్య కలిపినదాన్లో ఈనె ఉంటుందా వదినా? వెంట్రుకంత ఈనె ఉన్నా ఏరి పారేసే మనిషి! వెలుతుర్లోకి తీసుకెళ్ళి చూద్దును గదా, ఒట్టాకు. బరువు కోసం అడుగున కలుపుతారే, రుచీపచీ లేని ఆకు, అది. దాని కంటే పాత పేపరు చుట్టుకుని కాల్చినా నయం.

తడిసిన గడ్డిట! మూడు చక్రాలుట! తల నిమిరిందట!

వెనకగదిలోకి పరిగెత్తి తెల్లగుడ్డలన్నీ విప్పాను. ఒకదాంట్లో ఉంది. మధ్యలో యాపిల్ ముక్క, ఎండి ముడతలు పడి, ముసలివాళ్ళ బుగ్గలాగా. కలిపినదాంట్లోనే కదా అన్నయ్య యాపిల్ ముక్క పెట్టేది, తడి ఆరిపోకుండా? అదిగో, అదే ఈ తెల్లగుడ్డ జాడీ. ఇది అసలుది.

మరి వెళ్ళి వాళ్ళకి నిజం చెప్పొచ్చుగా అంటావు. చెప్పాలనే బెంచీ దగ్గరికి వెళ్ళా. తీరా అక్కడికెళ్ళాక ఆ మొహాలు చూసి... అంతలా ఏడ్చినవాళ్ళకి, మీరు ఏడ్చింది ఒట్టాకుకి అని ఎలా చెప్పను? తలెత్తుకుని మన వీధిలో తిరుగుతారా మళ్ళీ?

పైగా ఇంకోటి ఉంది. నవ్వకూడదు మరి. నవ్వినా పర్లేదు, నువ్వు నవ్వి చాలా రోజులైంది.

ఈ తెల్లగుడ్డ జాడీలోంచి కాస్త తీసి, "ఇది నేను కలిపానండీ. ఎలా ఉందో చెప్పండి" అన్నా.

ఏమో, అలా వచ్చేసింది నోట్లోంచి. అన్నయ్యకి చెయ్యి, నాకు నోరు. చిన్నప్పట్నించీ అంతే కదా. వెనకగదిలో అన్నయ్య, ముందు కౌంటర్లో నేను. అరే, తమ్ముడికి కూడా చెయ్యి వచ్చిందే అని ఒక్కసారి అనిపించుకుందామని సరదా పడ్డాను. అన్నయ్య సరుకుతోనే అయితేనేం? అన్నయ్య ఏమైనా పోట్లాటకి వస్తాడా?

ఏమన్నారో తెలుసా?

గార్డుగారు రెండు దమ్ములు లాగి జేబులోంచి ఈల తీసి ఊదారు! బండి ఆపమని! వీధిలో కుక్కలన్నీ లేచాయి. మెకానిక్కు, "గేరులో ఇసుక పడ్డట్టుంది బాబాయ్. గరగర. దేనికదే తిరుగుతోంది" అన్నాడు. సిస్టరు మంచిది కదా, ఇంజక్షన్ ఇచ్చే ముందు మాట్లాడతారే, అలా మెల్లిగా, "మొదటిసారికి బాగానే ఉంది బాబాయ్. కానీ మీరు కౌంటర్లో కూర్చుని కబుర్లు చెప్తేనే మాకు బాగుంటుంది" అంది. అని, సగం కూడా కాలనిదాన్ని కిందపడేసి చెప్పుతో నలిపింది.

అన్నయ్య కలిపిన ఆఖరి పొగాకు వదినా. చెప్పు కింద.

కోపం రాలేదా అంటావు. అదే నేనూ చూసుకున్నా. వస్తుందేమో అని కాసేపు నిలబడ్డాను కూడా. రాలేదు. చీపురు తెచ్చి ఊడ్చేశాను.

వాళ్ళు వెళ్ళాక లోపల కూర్చుని నేనొకటి చుట్టుకున్నా. అసలుదే, యాపిల్ ముక్క జాడీలోంచే. నీళ్ళు తాగి నోరు పుక్కిలించి, తలుపేసుకుని, ఏకాగ్రతగా కాల్చాను. అన్నయ్య కనిపిస్తాడనుకున్నా. నోట్లో నీళ్ళు నింపుకుని ఆకు మీద బుర్రున ఊదేవాడు కదా, ఇస్త్రీ చేసేవాళ్ళలాగా. ఆ చప్పుడైనా వినిపిస్తుందనుకున్నా.

ఆవలింత వచ్చింది.

నిజం. వాళ్ళు ఒట్టాకు కాల్చి ఏడ్చారు. నేను అసలుది కాల్చి ఆవలించాను. వెంటనే ఒట్టాకు చుట్టి కాల్చి చూశా. రెండింటికీ తేడా లేదు. వేడిగా ఉంది, అంతే. అప్పుడు కొబ్బరినూనె సీసా తీసి వాసన చూశా. ఫినాయిల్ డబ్బా మూత తీశా. సబ్బు బిళ్ళ ముక్కుకి ఆనించి పెట్టుకున్నా. ఉహూఁ. అన్నీ ఒకటే. అన్నీ గాలే.

అన్నయ్య పోయిన రోజు నుంచీ ఇంతే కాబోలు. నేనే గమనించుకోలేదు. మాట్లాడుతూనే ఉన్నానుగా, నోరు పనిచేస్తుంటే మిగతావన్నీ పనిచేస్తున్నాయనుకున్నా.

జలుబా? జలుబు లేదమ్మా. డాక్టరు టార్చి వేసి చూసి ముక్కు భేషుగ్గా ఉందన్నాడు. నాకంటే నా ముక్కే ఆరోగ్యంగా ఉందిట.

ఇప్పుడు అసలు భయం చెప్తా. ముగ్గురూ ఒక్కమాట మీద బాగాలేదంటే నాకూ అనుమానం పట్టుకుంది. యాపిల్ ముక్క అన్నయ్యే పెట్టాడా? లేకపోతే మేనత్త, పురుగులు రాకుండానో పుణ్యానికో, కనపడిన జాడీలో పడేసిందా? ఆవిణ్ణి అడిగాను. "ఏమో నాయనా, ఏ గుడ్డకైనా మరక మిగిలిందా?" అని నన్నే అడిగింది.

ఏది అసలుదో తెలిస్తే కాస్త దాచిపెట్టుకుంటా. నేను కలుపుతూ, దానితో సరిచూసుకుంటూ, మెల్లిగా నేర్చుకుంటా. ఏ ఆకు ఎంత వెయ్యాలిరా అంటే, చేతికి తెలుసులే అనేవాడు తప్ప ఏనాడూ చెప్పలేదుగా! తెలియకపోతే ఇంక అన్నయ్య పొగాకు లేనట్టే. పేరుకి షాపుంటుంది, నేనుంటాను, జాడీలుంటాయి.

అందుకని నీ దగ్గరికి తెచ్చా. నిన్ను ఇందులోకి లాగకూడదనే అనుకున్నా. కానీ ఇంకెవరున్నారు? అన్నయ్య తన నాలికని కూడా నమ్మేవాడు కాదు, నీ ముక్కుని నమ్మేవాడు. నువ్వు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి "ఇవాళ తడెక్కువైనట్టుంది" అంటే చాలు, కిమ్మనకుండా మొత్తం మళ్ళీ ఆరబెట్టేవాడు. నేనంటే మాత్రం ఒక చూపు చూసేవాడు.

ఒక్కసారి చూడు వదినా. చేతులు తుడుచుకో. ఇది ముందు.

ఊఁ. దగ్గరగా పెట్టుకో. అలా కాదు, కాస్త నలిపి చూడు.

ఇప్పుడిది.

తొందరేం లేదు. మళ్ళీ మొదటిది చూడు కావాలంటే.

ఏంటి, తల అడ్డంగా ఊపుతావ్? ఇది కాదా? అది కాదా? రెండూ కాదా? అదేంటి, మరి ఇంకే జాడీలో...

ఓ.

నీక్కూడానా?

ఎప్పట్నించి?

అంటే... ఆ పాలు. వాసన రాలేదా నీకు? కళ్ళతో పొగ చూశాక గాని తెలియలేదా? నేను ఇంకా పరధ్యానంలో వదిలేశావేమో అనుకున్నా. నిన్న నేను కూరలో ఉప్పన్నా లేదే అంటే నువ్వు గిన్నె వంక చూసి ఊరుకున్నావు. నాకే రుచి పోయి ఉప్పు తెలియలేదనుకుని నేనూ ఊరుకున్నా. అసలు ఉప్పుందో లేదో ఇప్పుడెవర్ని అడగాలి!

బాగుంది. ఒక ఇంట్లో రెండు ముక్కులు, రెండూ అలంకారానికే.

సరే. ఒక పని చేస్తా. రెండూ ఒకే పళ్ళెంలో పోసి కలిపేస్తా. అన్నయ్య చేసిందీ కలపడమేగా? బెంచీ మీద పెట్టి, వెనక అటక మీద ఇంకో జాడీ దొరికిందండీ, మా అన్నయ్యది అంటా. గార్డుగారు కళ్ళు మూసుకుంటారు. వాళ్ళకైనా ఏదో ఒకటి తెలుస్తోంది కదా. తెలియనీ.

అది ఎందుకు ముక్కు దగ్గర పెట్టుకున్నావు? నీలం గుడ్డ? వదినా, దాంట్లో ఏమీ లేదు. మేనత్త సబ్బేసి ఉతికేసిందని చెప్పాగా. నీ ముక్కు పనిచేసినా కూడా...

సరే. ఉంచుకో.

జాడీకి కాగితం కడతాలే.