నాలుగో వంతా, పదో వంతా: శ్రీ జీవరాజ్ గారు కొలిచిన నేల

1957వ సంవత్సరం జూలై ఒకటవ తేదీ, సోమవారం ఉదయం శ్రీ జీవరాజ్ గారు మన బీదరు పట్టణ విస్తరణ మండలిలో కొలత గొలుసు పట్టే సహాయకులుగా ఉద్యోగంలో ప్రవేశించారు. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి ఏడాది నిండలేదు. పాత పటాలన్నీ ఉర్దూలోనూ, కొత్త ఉత్తర్వులన్నీ కన్నడంలోనూ ఉండేవి. పైఅధికారి గారి కోపం మాత్రం ఇంగ్లీషులో ఉండేది. ఇంట తెలుగు, చర్చిలో తెలుగు తప్ప ఎరుగని ఆ యువకునికి మొదటి రోజు మధ్యాహ్నానికే కళ్ళు బైర్లు కమ్మాయట. పట్టుదలతో కన్నడం నేర్చారు గానీ, ఆనాటి అయోమయం మాత్రం తమను పూర్తిగా విడిచిపోలేదని వారే నవ్వుతూ ఒప్పుకుంటారు.

అనంతరం వారిని మన్నాఏఖేళ్ళి శాఖకు పంపారు. అక్కడ హైదరాబాదు దారి పొడవునా అంగళ్ళు రోడ్డు మీదికి జరుగుతూ వచ్చేవి, వారు వాటిని ఓర్పుతో వెనక్కి జరుపుతూ వచ్చేవారు. ఎవరినీ పరుషంగా ఒక మాట అనకుండా ఏడేళ్ళు ఆ పని చేయడం సామాన్య విషయం కాదు. సౌభాగ్యవతి హేబ్సిబా గారు వారి జీవితంలో అడుగుపెట్టింది ఆ ఊళ్ళోనే. 1968లో సర్వేయరుగా పదోన్నతి పొంది, సకుటుంబంగా బీదరుకు తిరిగి వచ్చారు.

వారి ఉద్యోగ జీవితానికి నిజమైన పరీక్ష 1972లో ఎదురైంది. ప్రైవేటు లేఅవుట్ వేసే ప్రతి యజమానీ అందులో నాలుగో వంతు స్థలాలను పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇవ్వాలన్నది అప్పటి మండలి నియమం. గాంధీ గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే అంబాదాస్ గారు జనవాడ దారిలోని తమ బీడు భూమిలో లేఅవుట్‌కు అనుమతి కోరారు. పేదల స్థలాలు గంజ్‌లోని హమాలీలకు, పప్పు చెరిగే స్త్రీలకు దక్కవలసి ఉంది. పటం ఇంకా ఆమోదం పొందకపోయినా, నేల మీద ఎలా ఉంటుందో చూడాలని మండలి కోరగా జీవరాజ్ గారు వెళ్ళి, సున్నం పొడితో గీతలు గీయించి వచ్చారు.

మరునాడు వెళ్ళి చూసేసరికి ప్రతి గడిలోనూ పసుపు, కుంకుమ, పగిలిన కొబ్బరికాయ దర్శనమిచ్చాయి. మన వైపు ఇల్లు కట్టేవారు ముందు ముగ్గు పోసి, పూజ చేసి, ఆ తరువాతే పునాది తవ్వుతారు. గంజ్ వారు సున్నపు గీతలను చూసి, సర్కారే తమ ఇళ్ళకు ముగ్గు పోసిందని నిశ్చయించుకున్నారు.

“అవ్వా, ఇది ముగ్గు కాదు, ఉత్త కొలత,” అని జీవరాజ్ గారు ఒక గడిలో కూర్చున్న తాయవ్వకు చెప్పబోయారు. ఆమె పప్పు చెరిగి ఇద్దరు బిడ్డలను సాకుతున్న విధవరాలు.

“కొలతకే గద సారూ ముగ్గు పోసేది,” అన్నది తాయవ్వ. “పూజ అయినంక జాగ మారుస్తే ఇంటికి మంచిది గాదు. నేనైతే ఈడికెల్లి లేవ.”

పక్క గడులలో క్రైస్తవ కుటుంబాలు పాస్టరు బర్నబా అయ్యగారిని పిలిపించుకున్నాయి. అయ్యగారు తమ సంఘస్థుడైన సర్వేయరును చూసి, “జీవరాజ్, మంచిగ వచ్చినవ్, కండ్లు మూసుకో,” అన్నారు. పెద్దల మాట కాదనలేక వారు కళ్ళు మూసుకున్నారు. ఇళ్ళు స్థిరపడాలని దీర్ఘంగా ప్రార్థన జరిగింది. అలవాటు కొద్దీ చివర ఆమెన్ కూడా అనేశారు.

వారం తిరగకుండానే కబురు వచ్చింది. బండనేలను చదును చేయడం భారమని అంబాదాస్ గారు మొరపెట్టుకోగా, మండలి నాలుగో వంతును పదో వంతు చేసింది. ఆమెన్ అన్న నోటితోనే గీతలు చెరపమని చెప్పవలసి వచ్చింది. చెరిపి కొత్తవి గీయించిన కొద్ది కాలానికి, నాలుగో వంతే ఉండాలి గానీ ఆ స్థలాలు దూరాన జనవాడ అవతల ఇచ్చినా చాలునని మరో తీర్మానం చేశారు. 1973లో మన రాష్ట్రం కర్ణాటక అయింది. పేదల స్థలాలు ఆ లేఅవుట్‌లోనే ఉండాలని, అయితే స్థలాలను గాక గదులను లెక్కించాలని అటు తరువాత మరో ఉత్తర్వు వచ్చింది. రెండు గదుల ఇల్లు ఒకటిగా లెక్కా, రెండుగా లెక్కా అన్నది పైవారిలో ఎవరూ చెప్పలేదు. పాత గీతల మీద కొత్త గీతలు పడి, ఆ బీడు మీద ఏ గీత ఏ తీర్మానానిదో గీసినవారికే తెలియని స్థితి ఏర్పడింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుగా అంబాదాస్ గారు ఒక వైపు, గంజ్ వారు ఒక వైపు నిలిచి జీవరాజ్ గారినే అడిగేవారు.

ఒక సాయంత్రం వారు అన్నం ముందు కూర్చుని, “నాకే సమజైతలేదు, హేబ్సిబా,” అన్నారు.

“నీకే సమజ్ గాకుంటే వాళ్లకెట్ల సమజైతది?” అన్నారామె. “పోయి ఏదన్న ఒక్క మాట చెప్పు. ఉన్నట్టా, పోయినట్టా?”

ఆ ఒక్క మాట తోచక వారు ఆ రోజుల్లో గంజ్ మీదుగా నడవవలసి వస్తే చుట్టు తిరిగి పోయేవారు. అంత మంచి మనిషికి అంతటి బాధ కలిగినందుకు మనకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

1974లో మండలి సమావేశం వారిని పిలిచి, ప్రస్తుతం నేల మీద ఏ తీర్మానం అమలులో ఉన్నదని ప్రశ్నించింది. వారు లేచి నిలబడి, వినయపూర్వకంగా, “తెలియదండీ,” అన్నారు. సభ్యులు నవ్వారు. అధ్యక్షులు మాత్రం, మీలో ఎవరికి తెలుసునని వరుసగా అడిగేసరికి నవ్వు ఆగిపోయింది. చివరికి, నాలుగో వంతు అక్కడే ఇవ్వాలని, ఎక్కడెక్కడ అన్నది సర్వేయరు నిర్ణయించాలని తేల్చి సభ ముగించారు. జీవరాజ్ గారు బీడుకు వెళ్ళి గీతలన్నిటినీ వదిలేశారు. కొబ్బరి చిప్పలు ఉన్న చోట, ప్రార్థన జరిగిన చోట రాళ్ళు పాతించి వచ్చారు. అవి నాలుగో వంతుకు సరిపోయాయో లేదో వారు ఈనాటికీ గట్టిగా చెప్పలేరు.

ఇళ్ళు లేచాయి. పట్టాలు మాత్రం అర్హతల నియమం మళ్ళీ మారుతున్నందున నేటికీ పరిశీలనలోనే ఉన్నాయి. నడుమ జీవరాజ్ గారు పర్యవేక్షకులై, చిన్న ఉద్యోగుల పట్ల తండ్రివలె మెలగి, 1983 జూన్ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు.

ఆ వార్త విని మొన్న తాయవ్వ కార్యాలయానికి వచ్చింది. వారి బల్ల ముందు నేల మీద చతికిలబడి, “పోతున్నవట గద సారూ. పోయే ముందట ఒక్క మాట చెప్పు. ఆ ఇల్లు నాదేనా?” అన్నది.

ఏ తీర్మానం చూడాలో తోచక వారు అలవాటుగా దస్త్రాల బీరువా వైపు చూశారు. చూసి, చూపు మరల్చుకున్నారు.

“నీదే, తాయవ్వా.”

“కాయిదం రాలే గద?”

“వచ్చేదాక ఎవరన్న అడుగుతే నా ఇంటికి పంపు. రాయి నేను పెట్టించిన. నేను చెప్త.”

తాయవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “అయితే నువ్వు సల్లగ ఉండాలె సారూ. కాయిదం వచ్చేదాక నీకేం కావొద్దు.”

ఆ మాట నియమానుసారం చెల్లుతుందో లేదో మనలో ఎవరికీ తెలియదు. ఆ ఇళ్ళకు ప్రస్తుతానికి అది తప్ప వేరే పట్టా లేదన్నది మాత్రం అందరికీ తెలుసు. కనుక శ్రీ జీవరాజ్ గారు హేబ్సిబా గారి సమేతంగా, చెదరని జ్ఞాపకశక్తితో, ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. మన మండలి పనులు సాగే తీరు ఎరిగినవారిగా, వారికి నిండు నూరేళ్ళకు ఒక్క రోజు తగ్గినా చాలదని సవినయంగా మనవి చేస్తున్నాము.