ఇఫ్నీలో చూడాల్సినవి

మొరాకో తీరంలోని సిది ఇఫ్నీ, ఆదివారం మధ్యాహ్నం. సముద్రం మీది పొగమంచు ఇంకా వీడలేదు. లహ్‌సేన్ తన పదేళ్ళ కూతురు తిలీలాను ఊరు తిప్పుతున్నాడు. పక్క ఊరు తిజ్నీత్‌లో తల్లి దగ్గరుండే ఆ పిల్ల కొన్ని నెలలుగా నెలకోసారి అతని దగ్గరికి వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతుంది.

"ఇది చూశాం నాన్నా."

"ఎప్పుడు చూశాం?"

"పోయిన నెల. అంతకుముందు నెల కూడా. ఓడలా ఉండే మేడ. ఇటు నుంచి చూస్తే ముక్కు, అటు నుంచి చూస్తే తోక."

"ఓడకి తోకేమిటే."

"నువ్వే చెప్పావు."

"నేనా? సరే, అయితే తోకే. పద, విమానాల మైదానానికి వెళ్దాం."

"అక్కడ విమానాల్లేవు. మేకలున్నాయి."

"అది పోయినసారి. ఈసారి ఏమున్నాయో ఎవరికి తెలుసు?"

"మేకలే ఉంటాయి. నాన్నా, మీ ఇల్లు చూపించు."

"మీ ఇల్లు ఏంటి, కొత్తగా?"

"చూడని ఇంటిని మరేమనాలి?"

"నాగజెముడు పళ్ళు తింటావా? అదిగో, ఆ ముసలాయన భలే ఒలుస్తాడు. ఒక్క ముల్లు కూడా—"

"తిన్నాను. టాక్సీ దిగగానే పెట్టించావు. ఇల్లు చూపించు."

"ఇల్లేముంది చూడ్డానికి, నాలుగు గోడలు. ఇఫ్నీకి ఎవరైనా ఇళ్ళు చూడ్డానికొస్తారా?"

"నేను ఇఫ్నీ చూడ్డానికి రాలేదుగా."

"అబ్బో. అది సరేగానీ, సముద్రంలో ఆ స్తంభం చూశావా? పూర్వం ఓడల్లోంచి సామాన్లూ మనుషుల్నీ తీగకి వేలాడదీసి—"

"ఒడ్డుకి తెచ్చేవాళ్ళు. ఒక పెళ్ళికూతురు తీగ మీదే సాయంత్రం దాకా ఇరుక్కుపోయింది. పెళ్ళికొడుకు కింద నుంచి రొట్టె విసిరాడు."

"గుర్తుందే."

"అది నిజమేనా?"

"రొట్టె సంగతి నేను కలిపాను."

"అనుకున్నా. ఇల్లెక్కడ నాన్నా? పైనా, కిందా?"

"తాళం మా స్నేహితుడు హమ్మూ దగ్గరుంది. వాడు చేపల వేటకి పోయాడు."

"పోయిన నెల సున్నం వేయిస్తున్నానన్నావు. అంతకుముందు హమ్మూ వాళ్ళ చుట్టాలు దిగారన్నావు."

"అన్నీ గుర్తుపెట్టుకుంటావేమే నువ్వు?"

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు?"

"అమ్మకి జిలాలీ గారున్నట్టు."

"లేరు తల్లీ. ఎవరూ లేరు."

"ఉన్నా నేనేం అనుకోను."

"లేరన్నానా."

"మరెందుకు చూపించవు?"

"నడు. మెట్లు దిగుదాం."

"రేవా? రేవు కూడా చూశాం."

"ఇది చూళ్ళేదు. కాలు చూసుకుని వెయ్యి, గాలాలుంటాయి కింద. తలుపు గట్టిగా తొయ్యాలి... ఆఁ, రా."

"ఇది వలలు పెట్టుకునే షెడ్డు."

"ఊఁ."

"ఇక్కడికెందుకొచ్చాం?"

"ఆ మూల చాప ఉంది చూడు, అది నాది. షెడ్డు హమ్మూది, పడుకోమన్నాడు. పోయిన చలికాలం మన పడవ బండకి కొట్టుకుని ముక్కలైపోయింది. నీకు చెప్పలేదు. తర్వాత అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేశాను. వానొస్తే అటు కారుతుందిగానీ ఇటు కారదు. టీ కాచుకోడానికి స్టవ్ ఉంది. ఆ గోడ మీద నీ ఫోటో, చూశావా?"

"చూస్తున్నా."

"సిగ్గేసింది తల్లీ. వచ్చినప్పుడల్లా ఊరంతా తిప్పింది అందుకే. బాగా నడిపిస్తే అలిసిపోతావు, ఇంక అడగవనుకున్నాను. కోపమొచ్చిందా?"

"లేదు."

"మరి ఏడుస్తున్నావేం?"

"ఏడవట్లేదు. వాసనకి."

"బయట కూచుందామా?"

"వద్దు. నాన్నా, నేను కూడా ఒక అబద్ధం చెప్పాను."

"అమ్మకా?"

"జడ్జిగారికి. అమ్మ జిలాలీ గారిని పెళ్ళి చేసుకుంటోందిగా, అందుకని మంగళవారం నన్ను పిలిపించారు. అమ్మని బయట కూచోమని, ఎవరి దగ్గరుంటావమ్మా అని అడిగారు."

"ఏమన్నావు?"

"నాన్న దగ్గరన్నాను."

"నా దగ్గరా?"

"మీ నాన్న ఇల్లెలా ఉంటుంది అన్నారు. చూళ్ళేదంటే పంపరేమోనని రెండు గదులన్నాను. నీలం తలుపన్నాను. కిటికీ తీస్తే సముద్రం కనబడుతుందన్నాను. నాకు వేరే మంచం ఉందని, పుస్తకాలకి నువ్వే గూడు చేశావనీ చెప్పాను. ఆయన అన్నీ రాసుకున్నారు."

"గూడు కూడానా."

"నిజంగా ఉంటుందనుకున్నా నాన్నా. కాస్త అటూ ఇటూ అయినా సరిపోతుందనుకున్నా."

"అమ్మేమంది?"

"ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత, నీ ఇష్టమే అంది."

"జిలాలీ మంచివాడేనా? నిజం చెప్పు."

"మంచివాడే. స్కూటర్ మీద బడికి దింపుతాడు. అయినా నాకు నువ్వే కావాలి. నేనీ చాప మీద పడుకుంటాను. వాసన అలవాటైపోతుంది."

"ఇక్కడ ఆడపిల్లని ఉండనివ్వరు తల్లీ. పక్కనంతా మగాళ్ళే పడుకుంటారు."

"అయితే ఎలా? గురువారం కోర్టు నుంచి ఒకావిడ వస్తుందట, ఇల్లు చూడ్డానికి. నేను అబద్ధాలకోరునని జడ్జిగారికి తెలిసిపోతుంది. ఇంకెప్పుడూ నా మాట నమ్మరు."

"నమ్ముతారు. ముక్కు తుడుచుకో. ఎవరూ ఇక్కడికి రావక్కర్లేదు. రేపు పొద్దున్నే నేనే తిజ్నీత్ వెళ్తాను, జడ్జిగారి దగ్గరికి."

"ఏం చెప్తావు? ఇల్లు లేదని చెప్తావా?"

"ఉందనే చెప్తాను. రెండు గదులు, నీలం తలుపు, నీ మంచం, అంతా నువ్వు చెప్పినట్టే ఉందంటాను. నాకే పిల్ల వద్దని చెప్తాను."